గుర్రం బొమ్మలో ఉన్న మనిషి ఎస్టేటు బొమ్మలో ఎందుకు లేడు?

ముందు తెల్లటి కంచె. కంచె వెనక నున్నగా పరుచుకున్న పచ్చిక, అందులో తల వంచి మేస్తున్న నాలుగైదు గుర్రాలు. దూరంగా మిట్ట మీద పెద్ద స్తంభాల ఇల్లు, దానికి రెండు పక్కలా ముసలి ఓక్ చెట్లు. అమెరికా దక్షిణాదిలోని పాత గుర్రపు ఎస్టేట్ల చిత్రం అనగానే ఎక్కువగా కనిపించేది ఈ దృశ్యమే. క్యాలెండర్ల మీద, హోటల్ గోడల మీద, మ్యూజియం దుకాణాల్లో ఇదే. ఇంత ప్రశాంతమైన బొమ్మ చుట్టూ అమెరికాలో ఇంత వాదన ఎందుకు జరుగుతోందో బయటివారికి ఒక పట్టాన అంతుపట్టదు. ఇందులో తప్పుపట్టడానికి ఏముంది, గడ్డి, గుర్రాలే కదా అనిపిస్తుంది.

క్లుప్తంగా: ఈ ఎస్టేట్లను చిత్రించడంలో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. ఒకటి గుర్రాన్ని చిత్రించింది, రెండోది భూమిని చిత్రించింది. గుర్రం బొమ్మలోకి దాన్ని పెంచిన నల్లజాతి బానిస తరచుగా వచ్చాడు, కొన్నిసార్లు పేరుతో సహా. భూమి బొమ్మలోంచి ఎక్కువగా జారిపోయాడు. ఈ తేడాకు కారణం చిత్రకారుల స్వభావం కన్నా ఆ బొమ్మలు ఏ పనికోసం తయారయ్యాయన్నదే.

రాయి, గడ్డి, ఎముక

ముందు భూమి సంగతి. పందెపు గుర్రాల పెంపకం దక్షిణాదిలో అంతటా పాతుకుపోలేదు. వర్జీనియా, దక్షిణ కరొలైనాల్లో పాత పందెపు సంప్రదాయం ఉన్నా, పంతొమ్మిదో శతాబ్దంలో పెంపకం ముఖ్యంగా రెండు చోట్లకు చేరింది. ఒకటి కెంటకీలో లెక్సింగ్టన్ చుట్టుపక్కల ప్రాంతం, రెండోది టెన్నెసీలో నాష్‌విల్ చుట్టూ ఉన్న పల్లపు నేల. మ్యాపులో ఇవి దూరదూరంగానే ఉన్నా, నేల అడుగున రెండింటికీ ఒకటే కథ. ఒకే పొడవాటి శిలావంపు రెండు చోట్ల గుమ్మటంలా పైకి ఉబ్బింది. ఉబ్బిన చోట పై పొరలు కోట్ల ఏళ్ల పాటు అరిగిపోయి, ఆర్డొవీషియన్ అనే ప్రాచీన భూగర్భ యుగపు సున్నపురాయి బయటపడింది.

ఈ సున్నపురాయిలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా సమృద్ధిగా ఉంటుంది. రాయి అరిగి మట్టి అయింది, మట్టిలోంచి ఆ ఖనిజాలు గడ్డిలోకి, నీటిలోకి చేరాయి. ఎదిగే గుర్రపు పిల్లకు గట్టి ఎముక కావాలంటే ఈ రెండూ అవసరం. ఏ నేల మీద మేసిన గుర్రం కాళ్లు దృఢంగా ఉన్నాయో పెంపకందార్లు భూగర్భ శాస్త్రం చదవకుండానే కనిపెట్టారు. నాష్‌విల్‌కు దక్షిణాన అదే శిలలనుంచి తర్వాత ఫాస్ఫేట్ గనులే తవ్వారంటే నేల ఎంత బలమైనదో ఊహించవచ్చు.

ఇక ఇక్కడి గడ్డికి, దాన్ని బట్టి లెక్సింగ్టన్ ప్రాంతానికి ఉన్న బ్లూగ్రాస్ (నీలిగడ్డి) అనే పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఆ గడ్డి ఆకుపచ్చగానే ఉంటుంది. కోయకుండా వదిలేస్తే వేసవి ముందు వచ్చే పూతకంకులకు మాత్రం కాస్త నీలిఛాయ ఉంటుంది. పైగా ఈ గడ్డి అక్కడిది కాదు, యూరప్ నుంచి వలస వచ్చినవారి వెంట అక్కడికి చేరింది. ఆ నేలకు అసలు వారసులు బర్ ఓక్, బ్లూ యాష్ వంటి చెట్లు. వలసవాసులు రాకముందు నుంచే అవి ఎడంఎడంగా పెరిగి, మధ్యలో మేతకు చోటు వదిలిన తోపుల్లా ఉండేవి. ఎస్టేటు చిత్రాల్లో ఇంటి పక్కన ఒంటరిగా నిలబడి కనిపించే మహావృక్షాలు చాలావరకు ఇవే. వాటిని ఎవరో అలంకారానికి నాటారనుకుంటే పొరపాటు.

బెల్ మీడ్: 250 ఎకరాల నుంచి 5,400 ఎకరాలకు

ఒక్క ఎస్టేటును దగ్గరగా చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. నాష్‌విల్ పక్కన ఉన్న బెల్ మీడ్ అందుకు తగిన ఉదాహరణ. ఆ పేరుకు అందమైన పచ్చికబయలు అని అర్థం. 1807లో జాన్ హార్డింగ్ అక్కడ 250 ఎకరాలు, ఒక దుంగల ఇల్లు కొన్నాడు. 1820 ప్రాంతంలో ఇటుక ఇల్లు వచ్చింది. ఆయన కొడుకు విలియం గైల్స్ హార్డింగ్ 1853లో దాన్ని పెంచి, ముందు ఆరు సున్నపురాతి స్తంభాలు నిలబెట్టి, గ్రీకు గుడిని తలపించే ముఖం ఇచ్చాడు. ఎస్టేటు పెరుగుతూ 5,400 ఎకరాలకు చేరింది.

1860 జనగణన నాటికి అక్కడ 136 మంది బానిసలు ఉన్నారు. వెట్టిచాకిరీ గురించి విన్న తెలుగు పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. వెట్టిలో మనిషి శ్రమను లాక్కునేవారు. అమెరికా బానిసత్వంలో మనిషే చట్టం దృష్టిలో ఆస్తి. అతన్ని అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, వీలునామాలో రాయవచ్చు. ఆ జనగణనలో బానిసల పట్టికలు యజమాని పేరు కిందే ఉంటాయి. ఒక్కొక్కరి వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు, దాదాపు ఎక్కడా పేరు రాయలేదు. అదే కాలంలో పందెపు గుర్రాలకు తల్లి, తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో జన్మపట్టికలు ఉండేవి. ఇంగ్లండ్‌లో ఆ పద్ధతి 1791లోనే మొదలైంది. గుర్రానికి ఏడు తరాల చరిత్ర చెప్పగలిగిన ఎస్టేటులో, దాన్ని తోమి, తినిపించి, పరుగు నేర్పిన మనిషికి ప్రభుత్వ కాగితంలో సొంత పేరు లేదు.

అమెరికా అంతర్యుద్ధంలో భాగంగా 1864 డిసెంబరులో నాష్‌విల్ యుద్ధం జరిగినప్పుడు ఇంటి ముందు పచ్చికలోనే తుపాకులు పేలాయి. స్తంభాల మీద ఆ గుళ్ల గాయాలు ఇప్పటికీ కనిపిస్తాయి. యుద్ధం, బానిసత్వ రద్దు చాలా ఎస్టేట్లను కూల్చేశాయి. బెల్ మీడ్‌ను మాత్రం గుర్రాలు నిలబెట్టాయి. 1870లలో బోనీ స్కాట్లండ్ అనే మగ గుర్రం అక్కడికి వచ్చింది. ఆ తర్వాత ఇరక్వా. ఇంగ్లండ్‌లోని ప్రసిద్ధ గుర్రపు పందెం ఎప్సమ్ డెర్బీని గెలిచిన మొదటి అమెరికా గుర్రం అదే, 1881లో గెలిచింది. పందేలు ముగించాక దాని మిగతా జీవితం సంతానం కోసం బెల్ మీడ్‌లో గడిచింది.

ఈ గుర్రాల బాధ్యత చూసింది బాబ్ గ్రీన్. బానిసగా అక్కడ పెరిగి, విముక్తి తర్వాత జీతానికి అక్కడే కొనసాగి, ఆ కాలపు గుర్రపు ప్రపంచంలో పేరు మోసిన నిపుణుడు. ఏ గుర్రపు పిల్ల పందానికి పనికొస్తుందో చూపుతోనే పట్టగలడని ఆయనకు పేరుండేది. కొనుగోలుదార్లు ఆయన మాటకు విలువిచ్చేవారు.

రెండు బొమ్మలు, రెండు పనులు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఫోటోగ్రఫీ ఇంకా చేతికందని రోజుల్లో గుర్రం బొమ్మ ఎవరికి, ఎందుకు కావాలి?

అది వ్యాపార పత్రం. మంచి మగ గుర్రం ఉన్న యజమాని దాన్ని సంతానం కోసం ఇతరుల ఆడ గుర్రాలతో కలిపించి రుసుము తీసుకుంటాడు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్న మనిషి ఆ రుసుము కట్టాలంటే గుర్రం ఎలా ఉందో తెలియాలి. భుజం వాలు, వీపు పొడవు, కాలి కీలు, ఛాతీ లోతు కనిపించాలి. అందుకే ఈ బొమ్మల్లో గుర్రం దాదాపు ఎప్పుడూ పక్కకు తిరిగి, నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపించేలా నిలబడి ఉంటుంది. 1829లో బాల్టిమోర్‌లో మొదలైన గుర్రపు పందేల పత్రిక ఇలాంటి బొమ్మలను చెక్కించి అచ్చువేసింది. బొమ్మలో పొరపాటు ఉంటే అది కళాలోపంతో ఆగదు, బేరం చెడుతుంది.

ఈ పనిలో దిట్ట ఎడ్వర్డ్ ట్రాయ్. 1808లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో పెరిగి, 1830ల తొలినాళ్లలో అమెరికా చేరాడు. దక్షిణాదిలో ఎస్టేటు నుంచి ఎస్టేటుకు తిరుగుతూ గుర్రాలను చిత్రించాడు. 1874లో కెంటకీలోనే కన్నుమూశాడు. ఆయన గీసిన లెక్సింగ్టన్ అనే గుర్రాన్ని 1856లో వుడ్‌బర్న్ ఎస్టేటు యజమాని 15,000 డాలర్లకు కొన్నాడు. అప్పటికే చూపు పోతున్న ఆ గుర్రం తర్వాత 16 ఏళ్లు అమెరికాలో అత్యధిక విజయాలు సాధించిన సంతానానికి తండ్రిగా మొదటి స్థానంలో నిలిచింది.

థరోబ్రెడ్ అనే పందెపు జాతి మగ గుర్రాలు మొండివి. వాటిని గంటల తరబడి కదలకుండా నిలబెట్టడం కొత్త మనిషి వల్ల కాదు. కళ్లెం పట్టుకోవడానికి దానికి అలవాటైన సైసు, అంటే దాన్ని సాకే పనివాడు, ఉండాల్సిందే. గుర్రం ఎత్తు ఎంతో చూసేవారికి అంచనా రావాలన్నా పక్కన మనిషి ఉంటే మేలు. పైగా గెలిచే గుర్రం వెనక ఎలాంటి శిక్షకుడు, పందెంలో స్వారీ చేసే ఎలాంటి జాకీ ఉన్నారన్నదీ దాని విలువలో భాగమే. అలా, యజమాని ఉద్దేశం ఏదైనా, నల్లజాతి పనివారు చట్రంలోకి వచ్చారు.

1835 ప్రాంతపు ట్రాయ్ చిత్రం ఒకటి ప్రస్తుతం వర్జీనియా లలితకళల మ్యూజియంలో ఉంది. మధ్యలో రిచర్డ్ సింగిల్టన్ అనే గుర్రం. దాని చుట్టూ ముగ్గురు నల్లజాతి మనుషులు: శిక్షకుడు హ్యారీ, సైసు చార్లెస్, జాకీ లూ. చిత్రకారుడు వాళ్లను వెక్కిరింపు బొమ్మలుగా గీయలేదు. ముగ్గురికీ విడివిడి ముఖాలు ఉన్నాయి, విడివిడి పనులు ఉన్నాయి. తమ పని తెలిసినవాళ్ల నిబ్బరం ఆ నిలబడే తీరులో ఉంది. కానీ బొమ్మకు ఉన్న పేరు చదవాలి. వైలీ గారి హ్యారీ, చార్లెస్, లూలతో రిచర్డ్ సింగిల్టన్. వైలీ కెంటకీలోని యజమాని. మనుషులకు పేర్లు దక్కాయి, ఆ పేర్ల ముందు ఎవరి సొత్తో కూడా దక్కింది. గుర్రానికి మాత్రం రెండు మాటల పేరు, యజమాని ముద్ర లేకుండా.

ఎస్టేటు బొమ్మ చేయాల్సిన పని వేరు. అది దేన్నీ అమ్మదు. ఇది నాది, ఎప్పటినుంచో నాది, ఇలాగే ఉంటుంది అని చెప్పడమే దాని పని. ఇంగ్లండ్ భూస్వాముల బంగళాల చిత్రాల నుంచి ఈ పద్ధతి వచ్చింది. అక్కడ భూమిని ప్రకృతి ఇచ్చిన వరంలా చూపించాలి. పొలంలో ఎవరో వంగి పనిచేస్తుంటే వరం కాస్తా కష్టార్జితం అవుతుంది, అదీ వేరేవాళ్ల కష్టం. అందుకని పనివాళ్లు వెనక్కి జరిగారు, చుక్కలంత అయ్యారు, చివరకు పోయారు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి కొంచెం ముందుకాలానివి. 1800 ప్రాంతంలో థామస్ కోరమ్ దక్షిణ కరొలైనాలోని మల్బరీ ఎస్టేటును గీసినప్పుడు, ఇంటికి వెళ్లే దారికి రెండు వైపులా బానిసల గుడిసెలనే వరుసగా పెట్టాడు. చూపు ఆ గుడిసెల మధ్య నుంచే ఇంటిని చేరుతుంది. మేరీల్యాండ్‌లోని పెరీ హాల్‌ను 1805 ప్రాంతంలో చిత్రించిన ఫ్రాన్సిస్ గై ఒక బొమ్మలో బానిసల ఇళ్లను, పొలంలో పనివారిని చూపించాడు. బానిసత్వం మీద అమెరికాలో వాదన ఇంకా ముదరని రోజులవి. ఎంతమంది బానిసలు ఉన్నారో చూపించుకోవడం అప్పటికి హోదా. వ్యతిరేకత పెరిగే కొద్దీ అదే విషయం చూపించడానికి ఇబ్బందిగా మారిందని అనుకోవడానికి ఆధారం ఈ వరుసలోనే ఉంది. 1850ల చివర్లో లూసియానా ఎస్టేట్లను అతి సూక్ష్మంగా గీసిన మారీ ఏడ్రియన్ పెర్సాక్ ఇళ్లు, కంచెలు కొలిచినట్టు గీసి, మనుషుల బొమ్మలను మాత్రం పత్రికల్లోంచి కత్తిరించి అంటించేవాడు. ఇల్లు నిజమైనది, మనుషులు ఎక్కడివారో.

పచ్చదనాన్ని ఎలా కడతారు

ఎస్టేటు చిత్రపు ప్రశాంతత వెనక ఒక పనితనం ఉంది. చూసేవాడి కన్ను కొంచెం ఎత్తులో ఉంటుంది, ఎదుటి మిట్టకు సమానంగా. ముందు భాగంలో ఒక పక్క ముదురు చెట్టు చూపును అటు పోనివ్వక లోపలికి తిప్పుతుంది. కంచె గీతలు, లేదా వంపు తిరిగిన దారి, ఆ చూపును మెల్లగా ఇంటి దాకా తీసుకెళ్తాయి. ఇల్లు నిజానికి చిత్రంలో చాలా చిన్నది, కానీ అన్ని గీతలూ అక్కడికే చేరతాయి. పెత్తనం ఎవరిదో చెప్పడానికి ఇంతకన్నా మృదువైన పద్ధతి లేదు.

రంగు దగ్గర అసలు ఇబ్బంది. అంతా పచ్చగా ఉన్న దృశ్యం బొమ్మలో పాచిలా తేలిపోతుంది. అనుభవజ్ఞులు ముందు ఎర్రమట్టి రంగు పూత వేసి, దాని మీద పచ్చ వేస్తారు, అక్కడక్కడా ఆ ఎరుపు లీలగా కనిపించేలా. తేమ ఎక్కువగా ఉండే ఆ గాలిలో దూరపు మిట్టలు నీలంగా మసకబారతాయి కాబట్టి, వెనక్కి వెళ్లేకొద్దీ పచ్చలోంచి పసుపు తీసేస్తారు. సున్నపురాతి గోడల బూడిదరంగు, గుర్రాల ఒంటి గోధుమరంగు ఈ పచ్చదనానికి ఊపిరి తీసుకునే చోటు ఇస్తాయి.

కంచెను బట్టి చిత్రంలో చూపించిన కాలాన్ని కూడా పట్టవచ్చు. అంతర్యుద్ధానికి ముందు కెంటకీ నడిబొడ్డున ప్రధానంగా ఉన్నది రాతి గోడ. సున్నం, మట్టి ఏదీ లేకుండా, రాయి మీద రాయి పేర్చి, పైన నిలువు రాళ్లు గుచ్చి కట్టేవారు. ఐరిష్ మేస్త్రీలు తెచ్చిన ఈ పనిని నల్లజాతి పనివారు నేర్చుకున్నారు. విముక్తి తర్వాత అది వారికి తరతరాల వృత్తి అయింది. పలకలతో కట్టి తెల్లరంగు వేసిన కంచె ప్రధానంగా తర్వాతి కాలపు అలంకారం, కాల్యుమెట్ వంటి ఇరవయ్యో శతాబ్దపు ఫారాలతో ప్రసిద్ధికెక్కింది. తెలుపును మళ్లీమళ్లీ వేయించాల్సిన ఖర్చు భరించలేక చాలా ఫారాలు నల్లరంగుకు మారాయి. కాబట్టి తెల్ల కంచెతో, యుద్ధానికి ముందటి వైభవం అంటూ కనిపించే చిత్రం రెండు కాలాలను కలిపి కుట్టిన బొమ్మ.

చెరిగిపోయిన తరం

యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలు నల్లజాతి గుర్రపు నిపుణులది అసలైన వెలుగు. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీ పందెంలో 15 మంది జాకీలు ఉంటే 13 మంది నల్లజాతివారు. గెలిచిన అరిస్టిడిస్‌ను నడిపింది ఆలివర్ లూయిస్, తీర్చిదిద్దింది ఒకప్పుడు బానిసగా ఉన్న ఆన్సెల్ విలియమ్సన్. ఐజాక్ మర్ఫీ 1884, 1890, 1891లలో మూడుసార్లు గెలిచాడు. మొదటి 28 డెర్బీల్లో 15 నల్లజాతి జాకీల ఖాతాలో ఉన్నాయి. 1902లో జిమ్మీ వింక్‌ఫీల్డ్ గెలుపుతో ఆ వరుస ఆగిపోయింది. జాతివివక్ష చట్టాలు బిగిశాయి, పందేల్లో డబ్బు పెరిగింది, తెల్లజాతి జాకీలు వారిని ట్రాక్ మీద నెట్టేసి, కంచెకు ఒరిపించి, గుర్రాలు ఇవ్వకుండా యజమానులపై ఒత్తిడి తెచ్చి బయటకు పంపారు. వింక్‌ఫీల్డ్ రష్యా వెళ్లి అక్కడ గెలిచాడు.

సరిగ్గా అదే సమయంలో పాత దక్షిణాది అనే తీపి జ్ఞాపకం అమెరికా మార్కెట్లో తయారైంది. గుర్రం బొమ్మ పనిని కెమెరా తీసేసుకుంది. మిగిలింది దృశ్యచిత్రమే, అదీ పనివాడు లేని దృశ్యం. అంటే, నల్లజాతి నిపుణులు మైదానం నుంచి, బొమ్మ నుంచి దాదాపు ఒకేసారి వెళ్లిపోయారు. ఈ చెరిపివేత కొన్నిసార్లు అక్షరాలా జరిగింది. 1837 నాటి న్యూ ఆర్లియన్స్ చిత్రం ఒకదానిలో ముగ్గురు తెల్లజాతి పిల్లల వెనక బెలిజేర్ అనే బానిస యువకుడు ఉండేవాడు. 1900 ప్రాంతంలో ఎవరో అతని మీద ఆకాశం, చెట్ల రంగు పూసేశారు. దశాబ్దాల తర్వాత ఆ పూత తీయగా మనిషి బయటపడ్డాడు. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆ చిత్రాన్ని సేకరించింది. అది గుర్రపు ఎస్టేటు బొమ్మ కాదు. కానీ ఖాళీగా కనిపించే దృశ్యం మొదటినుంచీ ఖాళీదే అని నమ్మకూడదనడానికి అంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు.

ఇప్పుడు ఈ బొమ్మ ఏం చేస్తోంది

2019 చివర్లో ఫోటోలు పంచుకునే వెబ్‌సైటు పింటరెస్ట్, పెళ్లిళ్ల వెబ్‌సైటు ది నాట్ బానిస ఎస్టేట్లలో పెళ్లి వేడుకల ఫోటోలకు ప్రచారం తగ్గిస్తామని ప్రకటించాయి. పౌరహక్కుల సంస్థ ఒకటి అడిగిన మీదట తీసుకున్న నిర్ణయమది. స్తంభాలు, ఓక్ చెట్లు, పచ్చిక ఉన్న నేపథ్యాన్ని ప్రేమకు గుర్తుగా వాడటం సరైనదేనా అన్నది అక్కడ ప్రశ్న. ఎస్టేట్లు కూడా మారుతున్నాయి. బెల్ మీడ్ తన పేరులోంచి ప్లాంటేషన్ (బానిసల శ్రమతో నడిచిన ఎస్టేటు) అనే మాట తీసేసి, అక్కడ బతికిన నల్లజాతి కుటుంబాల కథ చెప్పే ప్రత్యేక సందర్శనను నడుపుతోంది. ఇంటి కథ ఒకటి, ఆ ఇంటిని నడిపినవారి కథ మరొకటిగా చెప్పే పద్ధతి సరిపోదన్న విమర్శ సబబైనదే. అయినా, కొన్నేళ్ల కిందటితో పోలిస్తే ఇది పెద్ద అడుగు.

మరోవైపు ఇదే అందం ఆ భూమిని కాపాడుతోంది కూడా. బెల్ మీడ్ 1906లో ముక్కలుగా అమ్ముడుపోయింది. టెన్నెసీ రాష్ట్రం 1953లో ఇంటిని కొని కాపాడినా, 5,400 ఎకరాల్లో మిగిలింది సుమారు 30 ఎకరాలు. చుట్టూ ఉన్నది సంపన్నుల పేట, దాని పేరూ బెల్ మీడే. లెక్సింగ్టన్ ఆ గతి పట్టకూడదని 1958లోనే నగరం ఎక్కడిదాకా పెరగవచ్చో గీత గీసుకుంది, అమెరికాలో అలాంటి గీత అదే మొదటిది. 2000లో మరో పథకం వచ్చింది. రైతు భూమి తనదిగానే ఉంచుకుని, అందులో ఇళ్లు కట్టే హక్కును నగరానికి అమ్మేస్తాడు, ఇక ఆ భూమి ఎన్ని చేతులు మారినా పొలంగానే ఉండాలి. 50,000 ఎకరాలను ఇలా కాపాడాలన్నది లక్ష్యం. 2006లో ప్రపంచ కట్టడాల నిధి సంస్థ ఈ బ్లూగ్రాస్ ప్రాంతాన్ని ముప్పులో ఉన్న ప్రదేశాల జాబితాలో చేర్చింది. వీటన్నిటి కరపత్రాల్లో, వాదనల్లో ముందు నిలిచేది ఆ పాత దృశ్యమే: కంచె, పచ్చిక, గుర్రం.

ఆ పచ్చికలో తెల్లవారకముందే పని మొదలవుతుంది. పిల్ల వేసే కాలంలో రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది. పేడ ఎత్తేవారు, ఆడ గుర్రానికి కాన్పు చేసేవారు, ఏడాది గుర్రాలకు కళ్లెం అలవాటు చేసేవారు నేటి కెంటకీ ఫారాల్లో ఎక్కువగా మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల నుంచి వచ్చినవారు. లెక్సింగ్టన్ రోడ్ల పక్కన చిత్రకారులు బొమ్మ గీసే ఈజెల్ స్టాండు నిలబెట్టేది సాయంత్రపు వెలుగులో, ఆ పనివాళ్లు ఇళ్లకు వెళ్లిపోయాక.